పదో తరగతి దాటాక ఎన్ని దారులు?

రాజన్న సిరిసిల్ల జిల్లా హనుమాజీపేట జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల విద్యార్థి ఒకడు వడ్లను బస్తాల్లోకి నింపే చిన్న యంత్రం తయారు చేశాడు. కొనుగోలు కేంద్రం దగ్గర ఆ పని చూసినవాళ్లకు అందులోని కష్టం తెలుసు. ఒకరు సంచి మూతి తెరిచి పట్టుకోవాలి, ఇంకొకరు వంగి తట్టతో ఎత్తాలి, మరొకరు పోయాలి. ముగ్గురు నలుగురు కూలీలు, ఒళ్లంతా దురద, ఎండ. యంత్రం ఉంటే ఒకరిద్దరితో పని తేలిపోతుంది. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ ఆధ్వర్యంలోని ఇన్‌స్పైర్ మానక్ పోటీల్లో అది జాతీయ స్థాయిలో బహుమతి అందుకుంది. ఆ కుర్రాడికి కోచింగ్ ఇచ్చినవాళ్లు లేరు. ఊళ్లో పనిని రోజూ గమనించే కళ్లు ఉన్నాయి, వెన్నుతట్టి నడిపించిన ఉపాధ్యాయుడు ఉన్నాడు.

ఇలాంటి పిల్లలు మన సర్కారు బళ్లలో తక్కువేమీ కాదు. జిల్లా స్థాయి సైన్స్ ఫెయిర్‌కు ఒకసారి వెళ్లి చూస్తే చాలు, పదుల సంఖ్యలో కనిపిస్తారు. అసలు చిక్కు బహుమతి ఫొటో పేపర్లో పడ్డాక మొదలవుతుంది. పదో తరగతి పాసైన ఆ పిల్లాడి నేర్పును గుర్తుపెట్టుకుని, దాన్ని పైచదువుగానూ బతుకుతెరువుగానూ మలిచే ఏర్పాటు మన దగ్గర ఎంతవరకు ఉంది? రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇన్నేళ్లుగా జరిగిన ప్రయోగాలను ఒకచోట పెట్టి చూడాల్సింది ఈ ప్రశ్నతోనే.

చదువునూ పనినీ కలపాలన్న ఆలోచన ఇవాళ్టిది కాదు. 1937 అక్టోబరులో వార్ధా విద్యా సమావేశంలో గాంధీజీ చేతిపని చుట్టూ చదువు సాగాలన్నారు. జాకిర్ హుస్సేన్ కమిటీ దానికి పాఠ్యప్రణాళిక తయారు చేసింది. స్వాతంత్ర్యం వచ్చాక 1952–53లో ముదలియార్ కమిషన్ బహుళార్థసాధక ఉన్నత పాఠశాలలు పెట్టమంది. 1964–66 నాటి కొఠారి కమిషన్ పని అనుభవం చదువులో భాగం కావాలంది. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ పుణ్యమా అని, సమాజానికి ఉపయోగపడే ఉత్పాదక పని పేరుతో ఎస్‌యూపీడబ్ల్యూ అనే పీరియడ్ వచ్చింది. 1986 జాతీయ విద్యా విధానం మరింత కచ్చితంగా లెక్క గట్టింది. 1990 నాటికి హయ్యర్ సెకండరీ విద్యార్థుల్లో 10 శాతం, 1995 నాటికి 25 శాతం వృత్తి కోర్సుల్లో ఉండాలంది. అది జరగలేదు. 1992లో అవే అంకెలను 1995కు, 2000కు జరిపారు. 2020 విధానం మళ్లీ మొదటికొచ్చి, 2025 నాటికి కనీసం సగం మంది విద్యార్థులకు వృత్తి విద్యతో పరిచయం కలగాలంది. 19–24 ఏళ్ల వయసున్న శ్రామికుల్లో పద్ధతి ప్రకారం వృత్తి విద్య పొందినవారు మన దేశంలో 5 శాతం లోపేనని ఆ పత్రమే రాసింది. అదే లెక్క అమెరికాలో 52 శాతం, జర్మనీలో 75, దక్షిణ కొరియాలో 96.

ఎనభై ఏళ్లకు పైగా కమిటీలన్నీ ఒకే మాట చెబుతూ వచ్చాయి. మాట తప్పని కాదు. బడిలో ఆ మాటకు దక్కిన చోటే చిన్నది. క్రాఫ్ట్ పీరియడ్ టైంటేబుల్ చివర్లో ఉండేది. పరీక్షలు దగ్గర పడితే లెక్కల మాస్టారు దాన్ని తీసుకునేవారు. క్రాఫ్ట్ టీచర్, డ్రాయింగ్ మాస్టర్ రిటైరైతే ఆ పోస్టు మళ్లీ నిండేది కాదు. పబ్లిక్ పరీక్షలో దానికి మార్కు ఉండేది కాదు. సమయం, టీచరు, మార్కు ఈ మూడూ లేని సబ్జెక్టును పిల్లలు సీరియస్‌గా తీసుకోరు, వాళ్ల అమ్మానాన్నలు అసలే తీసుకోరు.

మరోవైపు తెలుగు నేల మీద ఇంకో దారి నానాటికీ వెడల్పవుతూ వచ్చింది. ఇంటర్మీడియట్‌లో ఎంపీసీ లేదా బైపీసీ, ఆ తర్వాత ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్), జేఈఈ, నీట్. ఇంటర్ కోసం పుట్టిన కార్పొరేట్ కాలేజీల పద్ధతి కిందికి పాకి, ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ పేరుతో మొదలవుతోంది. దీనివల్ల మేలు అసలే జరగలేదనడం అన్యాయం. వేల మంది మధ్యతరగతి, రైతు కుటుంబాల పిల్లలు ఆ దారిలోనే ఇంజినీర్లయ్యారు. హైదరాబాద్ ఐటీ కంపెనీలను, అమెరికాలోని తెలుగు సంఘాలను నింపింది వాళ్లే. నల్లకుంటలో చుక్కా రామయ్య గారు ఐఐటీ కోసం లెక్కలు చెప్పిన తీరు గురించి ఆయన శిష్యులు ఇప్పటికీ గౌరవంగా మాట్లాడుకుంటారు. కానీ ఒక దారి మరీ వెడల్పయ్యే కొద్దీ మిగతా దారులు కంపచెట్లు మొలిచి మూసుకుపోయాయి. పొద్దున్నే స్టడీ అవర్‌తో మొదలై రాత్రి స్టడీ అవర్‌తో ముగిసే రోజులో, వారం వారం ర్యాంకుల పట్టికలో, పిల్లలు తమకేం ఇష్టమో తెలుసుకునే తీరిక ఎక్కడిది? 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లిన ఆ కొద్ది రోజుల్లోనే 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఒక్క మార్కుల జాబితా మీద జీవితమంతా ఆధారపడి ఉందని నమ్మించిన వ్యవస్థకు అంతకు మించిన నేరారోపణ అక్కర్లేదు.

ఆ ఒక్క దారికి ప్రత్యామ్నాయంగా తెలుగువాళ్లు చేసిన అతిపెద్ద ప్రయోగం 2008లో మొదలైంది. రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం, అందరి నోటా ట్రిపుల్ ఐటీ. బాసర, నూజివీడు, ఇడుపులపాయ మూడు చోట్ల క్యాంపస్‌లు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కృత్రిమ మేధలో పరిశోధనకు 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్‌రెడ్డి దీని వెనక ఉన్న ముఖ్యుల్లో ఒకరు. ఆలోచన సూటిగా ఉంది. మండలాల వారీగా పదో తరగతిలో ముందున్న పిల్లలను తీసుకోవాలి. ప్రవేశ పరీక్ష పెట్టకూడదు. పెడితే కోచింగ్ కొనగలిగినవాళ్లకే సీట్లు పోతాయి కాబట్టి. హాస్టల్ సౌకర్యం లేని ప్రభుత్వ బడిలో చదివిన పిల్లలకు గ్రేడు పాయింట్లకు 0.4 కలిపారు. ఇంటి దగ్గర కిరోసిన్ దీపం పెట్టుకుని, పొలం పని చేసి, చదివి తెచ్చుకున్న మార్కుకు ఆ పాటి విలువ ఇవ్వాలన్నది దాని వెనక ఉన్న న్యాయం. ఎంపికైనవాళ్లు రెండేళ్లు పీయూసీ (ఇంటర్‌తో సమానం), నాలుగేళ్లు బీటెక్, మొత్తం ఆరేళ్లు ఒకే చోట చదువుతారు. మధ్యలో ఎంసెట్ అనే గండం లేదు.

మొదటి ఏడాది ఆరు వేల మందికి పైగా పిల్లలు ఆ మూడు క్యాంపస్‌లలో అడుగుపెట్టారు. చాలామంది తెలుగు మీడియం. చాలామంది ఇంట్లో కాలేజీ గుమ్మం తొక్కిన మొదటి మనిషి తామే. చేతికి ల్యాప్‌టాప్ ఇచ్చి, వీడియో పాఠాలు చూపించి, క్లాసులో మెంటర్లతో సందేహాలు తీర్పించాలన్నది ప్రణాళిక. పాఠాన్ని ముందు తెర మీద విని, తర్వాత మనిషితో కూర్చుని చర్చించే ఈ పద్ధతి కరోనా తర్వాత అందరికీ పరిచయమైంది గానీ, 2008లో పల్లె పిల్లల కోసం ఇంత పెద్ద ఎత్తున తలపెట్టడం సాహసమే.

ఇదే ఆరేళ్ల ఆలోచన మూడేళ్ల తర్వాత అమెరికాలో కనిపించింది. 2011 సెప్టెంబరులో న్యూయార్క్ నగరం బ్రూక్లిన్‌లో ఐబీఎం కంపెనీ, నగర విద్యాశాఖ, సిటీ యూనివర్సిటీ ఆఫ్ న్యూయార్క్ కలిసి పి-టెక్ అనే బడి తెరిచాయి. తొమ్మిదో తరగతిలో చేరిన పిల్లలు ఆరేళ్లలో హైస్కూలుతో పాటు రెండేళ్ల కాలేజీ డిగ్రీ కూడా పైసా ఖర్చు లేకుండా పూర్తి చేయవచ్చు. 2013లో అధ్యక్షుడు ఒబామా స్వయంగా ఆ బడికి వెళ్లారు. అక్కడ మనకు లేనిది ఒకటుంది. ప్రతి విద్యార్థికీ కంపెనీ నుంచి ఒక మెంటర్ ఉంటారు; మధ్యలో జీతమిచ్చే ఇంటర్న్‌షిప్ ఉంటుంది; చదువు ముగిసినవాళ్లను ఉద్యోగ ఇంటర్వ్యూకు ముందుగా పిలుస్తారు. మన ట్రిపుల్ ఐటీలు బడినీ కాలేజీనీ కలిపాయి. పి-టెక్ ఆ రెంటితో పాటు పనిచోటును కూడా కలిపింది.

మన ప్రయోగం ఎక్కడ తడబడిందో తెలుసుకోవడానికి బాసర చాలు. 2022 జూన్‌లో అక్కడి వేల మంది విద్యార్థులు వారం రోజుల పాటు మెయిన్ గేటు దగ్గర ఎండకూ వానకూ కూర్చున్నారు. 12 డిమాండ్లు పెట్టారు. శాశ్వత వైస్ చాన్స్‌లర్ కావాలి, చాలినంత మంది అధ్యాపకులు కావాలి, ల్యాప్‌టాప్‌లు ఇవ్వాలి, మెస్సులో మంచి అన్నం పెట్టాలి. ఇంజినీరింగ్ చదివే పిల్లలు అన్నం కోసం బైఠాయించాల్సి రావడం రాష్ట్రానికి తలవంపు. మంత్రి వెళ్లి హామీ ఇచ్చాకే వాళ్లు లేచారు. మరుసటి నెలలోనే కలుషిత ఆహారంతో వందల మంది అస్వస్థులయ్యారు. ఏళ్ల తరబడి ఇన్‌చార్జి వీసీలు, కాంట్రాక్టు, గెస్ట్ అధ్యాపకులే దిక్కు. ఆలోచన ఎంత గొప్పదైనా, దాన్ని మోయాల్సిన మనుషులను నియమించకపోతే ఏమవుతుందో బాసర చూపించింది. అయినా ఈ ప్రయోగం విఫలమైందనడం సరికాదు. ఇవాళ్టికీ పల్లెల్లో పదో తరగతి ఫస్టు వచ్చిన అమ్మాయిని ఏం చదువుతావని అడిగితే ట్రిపుల్ ఐటీ అంటుంది. శ్రీకాకుళం, ఒంగోలు పేర్లతో తర్వాత మరో రెండు క్యాంపస్‌లు వచ్చాయి. పేద తల్లిదండ్రుల్లో ఇంత నమ్మకం సంపాదించిన ప్రభుత్వ ఉన్నత విద్యా సంస్థలు చాలా తక్కువ.

నమ్మకం గురించి మాట్లాడితే గురుకులాల దగ్గర ఆగక తప్పదు. 1971లో పి.వి.నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదలైన గురుకులం తర్వాత కొడిగెనహళ్లి, తాడికొండ లాంటి చోట్లకు విస్తరించింది. 1980లలో ఎస్.ఆర్.శంకరన్ వంటి అధికారుల పట్టుదలతో దళిత పిల్లల కోసం సాంఘిక సంక్షేమ గురుకులాలు రూపుదిద్దుకున్నాయి. చాలాకాలం వాటిని తిండీ బట్టా పెట్టే హాస్టళ్లుగానే చూశారు. ఆ చూపు మారిన రోజు 2014 మే 25. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన 13 ఏళ్ల మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఎవరెస్టు ఎక్కారు. ఇద్దరూ గురుకుల విద్యార్థులు. భువనగిరి బండ మీద తాడు పట్టుకుని మొదలుపెట్టిన శిక్షణ వాళ్లది.

కొండ ఎక్కడానికీ కాలేజీ సీటుకూ సంబంధమేమిటని అడగొచ్చు. సంబంధం ఉంది. అప్పటి కార్యదర్శి ఆర్.ఎస్.ప్రవీణ్‌కుమార్ హయాంలో గురుకులాలు పిల్లల ముందు పెట్టిన జాబితా పెద్దది. గౌలిదొడ్డిలో ఐఐటీ, మెడిసిన్ ప్రవేశాలకు ప్రత్యేక శిక్షణ, ఇంగ్లిష్ వాడకానికి క్లబ్బులు, వేసవి శిబిరాలు, గుర్రపు స్వారీ నుంచి సంగీతం దాకా. ఐఐటీకి వెళ్లినవాళ్లున్నారు, ఢిల్లీ విశ్వవిద్యాలయం కళాశాలలకు, అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయానికి వెళ్లి సాహిత్యం, ఆర్థికశాస్త్రం చదివినవాళ్లూ ఉన్నారు. 2016లో ఆడపిల్లల కోసం 30 గురుకుల డిగ్రీ కాలేజీలు తెరవడం అన్నిటికన్నా ముందుచూపున్న నిర్ణయం. ఇంటర్ అయ్యాక పెళ్లి చేసేద్దామనుకునే ఇంట్లో, హాస్టల్‌తో పాటు డిగ్రీ అంటే ఆ మాట వాయిదా పడుతుంది. భువనగిరిలో అమ్మాయిలను సైనిక ఉద్యోగాలకు సిద్ధం చేసే డిగ్రీ కాలేజీ కూడా ఈ వరసలోదే. ఒక లోటు మాత్రం చెప్పాలి. ఈ ఊపు చాలావరకు ఒక అధికారి చొరవ మీద నిలిచింది. అధికారి మారినా ఆగని ఏర్పాటుగా అది ఇంకా స్థిరపడాల్సి ఉంది.

పదో తరగతి లోపే చేతిపనిని చదువులోకి తేవడంలో దేశంలో గట్టిగా నిలబడిన నమూనా మన పొరుగున మహారాష్ట్రలో ఉంది. హిందుస్థాన్ లీవర్ పరిశోధన విభాగంలో పనిచేసిన శాస్త్రవేత్త డాక్టర్ ఎస్.ఎస్.కల్‌బాగ్ ఉద్యోగం వదిలి 1983లో పుణె జిల్లా పాబల్ అనే కరువు ఊళ్లో విజ్ఞాన ఆశ్రమం పెట్టారు. 8, 9, 10 తరగతుల పిల్లలు వారంలో ఒక రోజు పుస్తకం మూసి నాలుగు రకాల పనులు చేస్తారు. వర్క్‌షాపులో వెల్డింగు, వడ్రంగం; కరెంటు, ఇంధనం పనులు; సేద్యం, పశువులు; వంట, ఆరోగ్యం. నేర్పేవాడు పట్నం నుంచి వచ్చిన ఉపాధ్యాయుడు కానక్కర్లేదు, ఊళ్లో పని తెలిసిన మేస్త్రీ అయినా సరే. పిల్లలు నేర్చుకున్నది ఊరికి ఉపయోగపడాలి. బడికి బెంచీలు చేయడం, రైతు పొలం మట్టిని పరీక్షించి చెప్పడం, ఊళ్లోవాళ్ల రక్తం గ్రూపు చూసి రాయడం. చేసిన పనికి డబ్బు తీసుకుంటారు, లెక్క రాస్తారు. ఈ ఒక్క రోజులో భౌతికశాస్త్రం, లెక్కలు, వాణిజ్యం మూడూ కలిసొస్తాయి. దాన్ని మహారాష్ట్ర పదో తరగతి బోర్డు సబ్జెక్టుగా గుర్తించింది. ఆ గుర్తింపు వల్లే అది ఆ ఒక్క ఊరిలో ఆగిపోకుండా ఎన్నో బళ్లకు పాకింది.

మన బళ్లలోనూ సమగ్ర శిక్షా కింద 9, 10 తరగతులకు వృత్తి విద్య నడుస్తోంది. ఐటీ, వ్యవసాయం, రిటైల్, బ్యూటీ అండ్ వెల్‌నెస్, దుస్తుల తయారీ లాంటి ట్రేడులు. శిక్షకులను ఏజెన్సీల ద్వారా తీసుకుంటారు. పదో తరగతి పరీక్షలోని ఆరు ప్రధాన సబ్జెక్టుల్లో ఇది ఒకటి కాదు. పాబల్‌తో పోలిస్తే తేడా ఎక్కడుందో వేరే చెప్పనక్కర్లేదు. అటల్ టింకరింగ్ ల్యాబుల కథా ఇంచుమించు ఇదే. 2016లో మొదలైన ఈ పథకంలో ఒక్కో బడికి 20 లక్షల రూపాయల దాకా ఇస్తారు. దేశంలో 10 వేల బళ్లకు అందాయి. మరో 50 వేల ల్యాబులు పెడతామని 2025 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. త్రీడీ ప్రింటరు, సెన్సర్లు, ఆర్డుయినో బోర్డులు ఉన్న గదిని తెరిచి పెట్టే సైన్స్ టీచరున్న చోట అద్భుతాలు జరుగుతున్నాయి. ఆ టీచరుకు బదిలీ అయితే గదికి తాళం పడుతుంది. పెట్టె ఇవ్వడం తేలిక, మనిషినివ్వడం కష్టం.

మనిషిని ముందు పెట్టిన ప్రయోగం చూడాలంటే కుప్పం దగ్గర గుడివంకకు వెళ్లాలి. రామ్‌జీ రాఘవన్ 1999లో స్థాపించిన అగస్త్య ఫౌండేషన్‌కు అక్కడ 172 ఎకరాల క్యాంపస్ ఉంది. వ్యాన్లలో సైన్స్ పరికరాలు పెట్టుకుని బడి బడికీ తిరుగుతారు. పిల్లలే చిన్న నమూనాలు చేసి తోటి పిల్లలకు పాఠం చెబుతారు. బోర్డు మీద గీసిన బొమ్మను కాపీ చేసుకోవడానికి అలవాటుపడిన పాప, అందరి ముందు నిలబడి కప్పీ ఎలా పనిచేస్తుందో వివరించేటప్పుడు ఆమెకు వచ్చే ధైర్యం ఏ ఇంటర్వ్యూ క్లాసూ ఇవ్వలేదు.

ఇక ప్రభుత్వాలు పెద్ద ఎత్తున చేసిన మార్పులు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు, ఉపాధ్యాయులకు 5 లక్షలకు పైగా ట్యాబులు పంచారు. అందులో పాఠాలు బైజూస్‌వి. రెండేళ్లు తిరక్కుండానే ఆ కంపెనీ దివాలా విచారణకు వెళ్లింది. వెయ్యి ప్రభుత్వ బళ్లను సీబీఎస్‌ఈకి మార్చారు. 2024లో ప్రభుత్వం మారాక వాటిని మళ్లీ రాష్ట్ర బోర్డుకు తెచ్చారు. ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) పాఠ్యప్రణాళిక కోసం కుదిరిన ఒప్పందమూ ముందుకు సాగలేదు. ఆ నిర్ణయాల్లో ఏది మంచి, ఏది కాదు అన్న వాదన ఎలా ఉన్నా, ఎనిమిదిలో ఒక పద్ధతి, పదిలో ఇంకో పద్ధతి చూసిన పిల్లల పరిస్థితి ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. విద్యలో ఒక మార్పు ఫలితం తేలడానికి ఒక బ్యాచ్ ఆరో తరగతి నుంచి డిగ్రీ దాకా వెళ్లాలి. మన ప్రభుత్వాల గడువు ఐదేళ్లు. అధికార, ప్రతిపక్షాలు కూర్చుని కనీసం ఒక బ్యాచ్ చదువు పూర్తయ్యే దాకా కదపని అంశాలేమిటో రాసుకోకపోతే ఈ నష్టం ఆగదు.

మార్పుల్లో నిలవాల్సినవీ ఉన్నాయి. 2025–26 నుంచి ఆంధ్రప్రదేశ్ ఇంటర్‌లో గణితం, జీవశాస్త్రం రెండూ కలిపి చదివే ఎంబైపీసీ గ్రూపు వచ్చింది. పదిహేనేళ్లకే డాక్టరా ఇంజినీరా తేల్చుకోమనే బలవంతం దీంతో కొంత తగ్గుతుంది. జీవశాస్త్రంలోనూ డేటా లెక్కలు తప్పనిసరైన ఈ రోజుల్లో ఇది ఎప్పుడో రావాల్సింది. డిగ్రీలో 2020–21 నుంచి పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేయడం కూడా ధైర్యమైన పనే. మొదటి ఏడాది తర్వాత రెండు నెలలు ఊళ్లో సామాజిక సేవా ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత రెండు నెలలు, చివరి ఏడాదిలో ఒక సెమిస్టర్ మొత్తం. దేశంలో చాలా రాష్ట్రాలు ఇంత దూరం వెళ్లలేదు. కానీ చిన్న పట్టణంలో బీకాం చదివే అమ్మాయికి ఆర్నెల్ల పని ఇచ్చే సంస్థ ఎక్కడుంది? సహకార బ్యాంకు, రైస్ మిల్లు, ఆడిటర్ ఆఫీసు, పంచాయతీ కార్యాలయం, ఆసుపత్రి, ఇలా ఊళ్లో ఉన్న పనిచోట్లన్నిటితో కాలేజీ ముందే మాట్లాడి పెట్టుకుంటే తప్ప అది కాగితం మీది ఇంటర్న్‌షిప్‌గా మిగులుతుంది. ఆ మాట్లాడే పని చేయడానికి ప్రతి కాలేజీలో ఒక మనిషి కావాలి.

తల్లిదండ్రులకు అంతగా తెలియని మంచి దారులు కొన్ని మన కళ్ల ముందే ఉన్నాయి. హైదరాబాద్ బాలానగర్‌లో 1968 నుంచి ఉన్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో పదో తరగతి తర్వాత నాలుగేళ్ల డిప్లొమా ఉంది. కారు డోరు నుంచి సిరంజి దాకా ఏ వస్తువు అచ్చు పోయాలన్నా అక్కడ నేర్పే పనే ఆధారం. ప్లాస్టిక్ పరిశ్రమ కోసం సిపెట్ ఉంది. వెంకటగిరిలో చేనేత సాంకేతిక సంస్థ మూడేళ్ల డిప్లొమా ఇస్తుంది. నేతకారుల పిల్లలు మగ్గంతో పాటు రంగుల రసాయనం, డిజైన్ సాఫ్ట్‌వేర్ నేర్చుకుని బయటికొస్తారు. వ్యవసాయ విశ్వవిద్యాలయాల పాలిటెక్నిక్‌లలో రెండేళ్ల వ్యవసాయ డిప్లొమా ఉంది. ప్రభుత్వ పాలిటెక్నిక్‌లు పాలీసెట్ ద్వారా మూడేళ్ల డిప్లొమా ఇస్తాయి. ఆ తర్వాత ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. తెలంగాణలో రెండేళ్ల ఐటీఐ చేసినవాళ్లు ఎల్‌పీసెట్‌తో డిప్లొమా రెండో ఏడాదికి వెళ్లొచ్చు. అంటే ఐటీఐలో ఫిట్టర్‌గా మొదలైన కుర్రాడు మెట్టు మెట్టుగా ఇంజినీరు కావచ్చు, మధ్యలో ఎక్కడ ఆగినా చేతిలో పని ఉంటుంది. ఈ నిచ్చెన మన దగ్గర ఎప్పట్నుంచో ఉంది. బడిలో దీని గురించి పిల్లలకు చెప్పేవాళ్లే లేరు.

ఐటీఐల మీద ఇప్పుడు తెలంగాణ పెట్టిన పందెం పెద్దది. 2024 జూన్‌లో మల్లేపల్లి ఐటీఐలో శంకుస్థాపన చేసి, 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి 2,324 కోట్ల రూపాయలతో అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని మొదలుపెట్టింది. ఇండస్ట్రియల్ రోబోటిక్స్, సీఎన్‌సీ మెషీనింగ్, ఎలక్ట్రిక్ వాహనాల మెకానిక్ లాంటి కోర్సులు వచ్చాయి. అదే ఏడాది యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీకి చట్టం చేసి, ఆనంద్ మహీంద్రాను చైర్మన్‌గా పెట్టారు. ఆంధ్రలో పెనుకొండ కియా, శ్రీసిటీ ఫ్యాక్టరీలు ఐటీఐ, డిప్లొమా పిల్లల కోసమే చూస్తుంటాయి. పాత లేత్ మిషన్ మీద నేర్చుకుని కొత్త కంపెనీలో అయోమయపడిన తరాన్ని చూశాక, ఈ మార్పును మనస్ఫూర్తిగా ఆహ్వానించాలి. ఒక షరతు మీద. కొత్త యంత్రాన్ని నేర్పే ఇన్‌స్ట్రక్టరు శాశ్వత ఉద్యోగి అయి ఉండాలి, రెండేళ్లకోసారి పరిశ్రమకు వెళ్లి తాను కూడా మళ్లీ నేర్చుకుని రావాలి.

పునాది మాట మరిచిపోకూడదు. 14–18 ఏళ్ల గ్రామీణ యువతపై 2023లో జరిగిన అసర్ (వార్షిక విద్యా స్థితి నివేదిక) సర్వే 26 రాష్ట్రాల్లోని 28 జిల్లాల్లో 34 వేల మందికి పైగా పిల్లలను కలిసింది. వాళ్లలో 86.8 శాతం ఎక్కడో ఒక చోట చదువుతున్నారు. కానీ పావు వంతు మంది సొంత భాషలో రెండో తరగతి పాఠాన్ని తడబడకుండా చదవలేకపోయారు. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవాళ్లు 43.3 శాతమే. వృత్తి శిక్షణ పొందుతున్నవాళ్లు 5.6 శాతం. ఇంటర్, ఆపైన చదువుతున్నవాళ్లలో సైన్స్, గణితం వైపు వెళ్లిన అబ్బాయిలు 36.3 శాతమైతే, అమ్మాయిలు 28.1 శాతమే. భాగహారం రాని పిల్లాడికి రోబోటిక్స్ గది చూపించడం వాడికి అన్యాయం. ఆరో తరగతిలోనే చదవడం, లెక్క రెండూ సరిచేయకుండా తొమ్మిదిలో కెరీర్ గైడెన్స్ మొదలుపెడితే అది ఇప్పటికే ముందున్న పిల్లలకే ఉపయోగపడుతుంది.

ఇన్నేళ్ల ప్రయోగాలను పక్కపక్కన పెడితే ఫలితం ఇచ్చినవి ఏవో స్పష్టంగానే కనిపిస్తాయి. పైచదువుకు తలుపు మూయనివి, టైంటేబుల్లో సొంత సమయం ఉన్నవి, ఒంటి చేత్తో లాక్కొచ్చే ఒక్క టీచరు మీదే కాకుండా నియమించిన మనుషుల మీద ఆధారపడినవి. తక్కినవి ప్రారంభోత్సవం దాటి ఎంతో దూరం వెళ్లలేదు. అందుకే రెండు రాష్ట్రాల విద్యాశాఖలు ముందుగా చేయాల్సింది కొత్త పథకం ప్రకటించడం కాదు. 9, 10 తరగతుల వృత్తి సబ్జెక్టును పబ్లిక్ పరీక్షలో మార్కులున్న సబ్జెక్టుగా చేయాలి. ట్రిపుల్ ఐటీల్లో, పాలిటెక్నిక్‌లలో, ఐటీఐల్లో ఖాళీ పోస్టులు భర్తీ చేయాలి. ప్రతి ఉన్నత పాఠశాలలో ఒక ఉపాధ్యాయుడికి దారులు చూపే బాధ్యత అప్పగించి, దానికి తగ్గట్టు పీరియడ్లు తగ్గించాలి.

తల్లిదండ్రులు ఎదురుచూడనక్కర్లేదు. తొమ్మిదో తరగతి చదివే మీ అమ్మాయినో అబ్బాయినో ఈ ఏడాది ఒక్క రోజు దగ్గర్లోని ప్రభుత్వ పాలిటెక్నిక్‌కు తీసుకెళ్లి, ల్యాబులు, వర్క్‌షాపు చూపించి, అక్కడి సీనియర్లతో మాట్లాడనివ్వండి. నచ్చితే వచ్చే ఏడాది పాలీసెట్ నోటిఫికేషన్ మీద కన్నేసి ఉంచండి. పదో తరగతి పరీక్షలు రాస్తున్నవాళ్లు కూడా దానికి దరఖాస్తు చేసుకోవచ్చు. ఫలితాలు వచ్చాక చూద్దాంలే అనుకుంటే గడువు దాటిపోయే ప్రమాదం ఉంది.